దిద్దుబాటుకు దారి ఏది? డిజిటల్ పాలనలో దోషం, బాధ్యత – ఒక విమర్శ

వ్యాససంగ్రహం

వర్ధమాన దేశాలలో ప్రభుత్వ వ్యవహారాలను డిజిటల్ పద్ధతిలోకి మార్చేటప్పుడు ఎదురయ్యే సమస్యలను సాధారణంగా మౌలిక వసతులు, నైపుణ్యం, నిధుల కొరతగా వివరిస్తుంటారు. ఆ వివరణ అవసరమే గాని చాలదని ఈ వ్యాసం వాదిస్తుంది. ఏ పాలనావ్యవస్థలోనైనా తప్పులు దొర్లుతాయి. తప్పును గుర్తించగల మనిషి, దానిని దిద్దగల అధికారం, దిద్దమని అడగడానికి పౌరుడికి అందుబాటులో ఉన్న భాష – ఈ మూడూ యంత్రం వచ్చిన తరువాత ఎక్కడికి చేరాయన్నది ఇక్కడ పరిశీలనాంశం. తెలుగు రాష్ట్రాల భూ రికార్డుల కంప్యూటరీకరణ, ఉపాధి హామీ కూలీల స్మార్ట్‌కార్డులు ప్రధాన ఉదాహరణలు. కర్ణాటక, ఝార్ఖండ్, కెన్యా, బ్రిటన్ అనుభవాలను పోలికకు తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: డిజిటల్ పాలన, భూ రికార్డులు, ధరణి, స్మార్ట్‌కార్డు, పహాణీ, దిద్దుబాటు, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం

ప్రభుత్వం పౌరుడిని నేరుగా చూడదు, కాగితం ద్వారా చూస్తుంది. పహాణీలో పట్టాదారుగా, రేషన్ కార్డులో కుటుంబ పెద్దగా, మస్టరులో కూలీగా, ఓటరు జాబితాలో ఒక వరుస సంఖ్యగా మనిషి రాజ్యానికి కనిపిస్తాడు. జనజీవనాన్ని రాజ్యం తాను చదవగలిగే రూపంలోకి కుదించుకుంటుందని జేమ్స్ స్కాట్ 1998లో వెలువడిన తన గ్రంథంలో విస్తారంగా చర్చించాడు. కంప్యూటర్ ఈ కుదింపును కొత్తగా కనిపెట్టలేదు. దానికి వేగాన్ని, విస్తృతిని ఇచ్చింది. దానితోపాటు ఒక నిశ్చయత్వాన్ని కూడా ఇచ్చింది. ఈ మూడవ లక్షణం మీద జరగవలసినంత చర్చ జరగలేదు.

చేతిరాత రికార్డులో కొట్టివేత కనిపిస్తుంది. మార్జినులో రాసిన మాట, వేరే సిరాతో దిద్దిన అంకె, పొడి అక్షరాల సంతకం చదువరికి ఏదో ఒక కథ చెబుతాయి. ఆ కథ మోసానిదీ కావచ్చు, న్యాయానిదీ కావచ్చు. తెర మీది అంకెకు అలాంటి చరిత్ర బయటికి కనిపించదు. ఉన్నది ఉన్నట్టు, ఎప్పటి నుంచో అలాగే ఉన్నట్టు అది కనిపిస్తుంది. పౌరుడికి, అధికారికి మధ్య జరిగే సంభాషణను ఈ మార్పు ఎలా ప్రభావితం చేసిందో పరిశీలించకుండా డిజిటల్ పాలన జయాపజయాలను తేల్చలేం.

2. వైఫల్యానికి నిర్వచనం ఎవరిది?

ఈ రంగంలో తరచుగా ఉదహరించే పరిశీలన మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ హీక్స్‌ది. వర్ధమాన దేశాల ఈ-గవర్నెన్స్ పథకాలలో సుమారు 35 శాతం పూర్తిగా, 50 శాతం పాక్షికంగా విఫలమవుతాయని, 15 శాతం మాత్రమే సఫలమవుతాయని 2003లో ఆయన అంచనా వేశాడు. ఇది జనాభా లెక్కల వంటి గణన కాదు, అంచనా మాత్రమే. అయినా ఆ మూడు అంకెలూ ఇరవై ఏళ్ళకు పైగా వ్యాసం నుంచి వ్యాసానికి ప్రయాణిస్తున్నాయి. హీక్స్ అసలు దోహదం ఆ అంకెలలో లేదు. వ్యవస్థ రూపకల్పనకూ, అది అమలయ్యే చోటి వాస్తవానికీ మధ్య ఉండే అంతరమే వైఫల్యానికి మూలమన్న సూత్రీకరణలో ఉంది. సమాచారం, సాంకేతికత, పని పద్ధతులు, లక్ష్యాలు-విలువలు, సిబ్బంది నైపుణ్యం, నిర్వహణ నిర్మాణాలు, ఇతర వనరులు అనే ఏడు కోణాలలో ఆ అంతరాన్ని కొలవవచ్చునని ఆయన ప్రతిపాదించాడు.

ఈ చట్రం ఉపయోగకరమైనదే. రాజధానిలోనో విదేశంలోనో తయారైన నమూనాను మండల కార్యాలయం మీద దింపితే ఏమవుతుందో అది చక్కగా వివరిస్తుంది. కాని దీనికి రెండు పరిమితులున్నాయి. మొదటిది, భాగస్వాముల గుర్తింపు. పథకం వల్ల ఎవరి ప్రధాన లక్ష్యాలు నెరవేరాయి, ఎవరికి అవాంఛనీయ ఫలితాలు కలిగాయి అన్నదాన్ని బట్టి జయాపజయాలను హీక్స్ వర్గీకరిస్తాడు. వ్యవస్థలో తనకంటూ ఒక గడి కూడా లేని మనిషి ఆ లెక్కలోకి ఎలా వస్తాడు? రెండవది, అంతరం పూడితే సమస్య తీరుతుందన్న ధ్వని. కొన్ని సందర్భాలలో రూపకల్పన వాస్తవానికి దగ్గరగా జరగదు. వాస్తవాన్నే రూపకల్పనకు తగ్గట్టు మార్చే చట్టం వస్తుంది. అప్పుడు అంతరం కాగితం మీద మాయమవుతుంది, బాధ మాత్రం మిగులుతుంది. తెలంగాణ భూ రికార్డుల చరిత్ర ఇందుకు నిదర్శనం.

3. ‘కార్డ్’ నుంచి ‘ధరణి’ దాకా

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ డిజిటల్ పాలనకు తొలి ప్రయోగశాలలలో ఒకటి. 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ వ్యవస్థ, 2001లో హైదరాబాదులో ‘ఈ-సేవ’ కేంద్రాలు మొదలయ్యాయి. ఈ-సేవ ప్రజాదరణ పొందడానికి ఆ పని స్వభావమే ప్రధాన కారణం. కరెంటు బిల్లు ఎంతో ముందే తెలుసు, ఎవరు కట్టినా రసీదు వస్తుంది. వివాదానికి అక్కడ చోటు తక్కువ. భూమి అటువంటిది కాదు.

భారతదేశంలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుందే గాని హక్కుకు పూచీ పడదు. రెవెన్యూ రికార్డులోని నమోదు కూడా, తప్పని రుజువయ్యే దాకా నిజమని భావించదగినదే తప్ప తిరుగులేని సాక్ష్యం కాదు. ‘కార్డ్’ ఈ వ్యవస్థ ముందు భాగాన్ని మాత్రమే వేగవంతం చేసింది. ఈసీ కోసం రోజుల తరబడి తిరిగే అవస్థ తగ్గింది. రిజిస్ట్రేషన్ తరువాత జరగవలసిన మ్యుటేషన్ మాత్రం రెవెన్యూ శాఖ చేతిలో, పాత తీరులోనే ఉండిపోయింది. ఒకే భూమికి రెండు కార్యాలయాలలో రెండు నిజాలు కొనసాగాయి.

ఈ చీలికను తొలగించే ప్రయత్నంగా ‘ధరణి’ని చూడాలి. అప్పుడే దాని ఆకర్షణ, దాని ప్రమాదం రెండూ అర్థమవుతాయి. 2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం భూ రికార్డుల ప్రక్షాళనను వంద రోజుల కార్యక్రమంగా చేపట్టింది. వివాదం లేని భూములను పార్ట్-ఏలో, వివాదమున్నవాటిని పార్ట్-బిలో చేర్చారు. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దుచేసి, 1971 నాటి చట్టం స్థానంలో కొత్త పట్టాదారు పాసుపుస్తకాల చట్టాన్ని తెచ్చారు. అదే సంవత్సరం అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. వ్యవసాయ భూములకు తహసీల్దారే జాయింట్ సబ్ రిజిస్ట్రారయ్యాడు. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూటలో పూర్తయ్యే వీలు కలిగింది. రికార్డు నిర్దుష్టంగా ఉన్న రైతుకు ఇది నిజమైన మేలు. మ్యుటేషన్ కోసం నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగిన వారెవరూ దీనిని తీసిపారేయలేరు.

రికార్డు నిర్దుష్టంగా లేని రైతు సంగతి వేరు. వంద రోజులలో తయారైన సమాచారంలో పేర్లు, విస్తీర్ణాలు, సర్వే నంబర్లు, భూమి స్వభావం తప్పుగా చేరిన సందర్భాలు కోకొల్లలు. పట్టా భూమి నిషేధిత జాబితాలోకి ఎక్కడం, ఉన్న విస్తీర్ణం తగ్గి కనిపించడం, విరాసత్ నమోదు కాకపోవడం వంటివి జిల్లా జిల్లాలోనూ ఫిర్యాదులుగా వచ్చాయి. ఇంత పెద్ద పనిలో దోషాలు దొర్లడం వింత కాదు. వాటిని దిద్దే అధికారం అదే సమయంలో గ్రామం నుంచి, మండలం నుంచి తొలగిపోవడమే ఇక్కడి విశేషం. కొత్త చట్టం కింద రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. రికార్డులోని తప్పును సరిచేసే అధికారం తహసీల్దారుకు లేకుండా పోయింది. ఊళ్ళో భూమిని, దాని సరిహద్దులను, సాగు చేసే మనిషిని ఎరిగిన వి.ఆర్.ఓ. పదవే లేదు. తొలుత పోర్టల్‌లో చాలా రకాల తప్పులకు దరఖాస్తు చేసే వీలు కూడా లేదు. తరువాత ఒక్కొక్క రకం సమస్యకు ఒక్కొక్క ‘మాడ్యూల్’ చేరుస్తూ వెళ్ళారు. వాటి సంఖ్య ముప్పై దాటింది. తన కష్టం ఏ మాడ్యూల్ కిందికి వస్తుందో తేల్చుకోవడమే రైతుకు మరొక కష్టమైంది. దరఖాస్తు కలెక్టరు దాకా వెళ్ళాలి, కాదంటే సివిల్ కోర్టు. అర ఎకరం తేడాకు సివిల్ దావా వేయగల సన్నకారు రైతులు ఎందరుంటారు?

దీనికి అనుబంధంగా మరొక మార్పు జరిగింది. పాత పహాణీలో పట్టాదారు గడితోపాటు అనుభవదారు గడి ఉండేది. భూమి ఎవరిదన్నది ఒక ప్రశ్న, భూమిని ఎవరు దున్నుతున్నారన్నది మరొక ప్రశ్న అని ఆ రెండు గడులు ఒప్పుకున్నాయి. కొత్త రికార్డులో అనుభవదారు గడి లేదు. 2018 మే నుంచి ఎకరానికి పంటకు రూ. 4,000 చొప్పున మొదలైన రైతుబంధు సాయం, అదే ఏడు మొదలైన రూ. 5 లక్షల రైతుబీమా పట్టాదారుతోనే ముడిపడ్డాయి. గడి తొలగింపు, సాయం పంపిణీ కలిసి కౌలుదారుకు రాజ్యం దృష్టిలో రైతుగా ఉనికి లేకుండా చేశాయి. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, విధాన నిర్ణయం. అయితే సాఫ్ట్‌వేర్ దానిని నిర్ణయంలా కనిపించనీయలేదు. తెర మీద లేని గడి గురించి ఎవరిని ప్రశ్నించాలి? సాదాబైనామాతో, అంటే తెల్లకాగితం ఒప్పందంతో, భూమి కొని దశాబ్దాలుగా సాగుచేస్తున్న వారి పరిస్థితీ దాదాపు ఇదే.

కర్ణాటకలో ఇంతకు ముందే జరిగిన ‘భూమి’ ప్రయోగం మీద వచ్చిన విమర్శను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అక్కడ చేతిరాత పహాణీల చెల్లుబాటును రద్దుచేసి, తాలూకా కేంద్రాలలో ముద్రిత ప్రతులు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఎన్నో పురస్కారాలు పొందిన ఆ పథకాన్ని సోలొమన్ బెంజమిన్, ఆయన సహపరిశోధకులు 2007లో విశ్లేషించారు. అవినీతి అంతరించలేదని, గ్రామం నుంచి పై అంచెకు తరలిందని, భూమి సమాచారం కేంద్రీకృతమవడం బెంగళూరు పరిసరాలలో పెద్ద కొనుగోలుదారులకు కలిసివచ్చిందని వారి వాదన. అధికారం కేంద్రీకృతమైన చోటికి లంచం కూడా దారి వెతుక్కుంటుందన్న ఆ హెచ్చరిక తెలంగాణకు చేరేసరికి వినిపించలేదు.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో ‘భూభారతి’ వచ్చింది. కొత్త చట్టం రికార్డుల సవరణకు, అప్పీలుకు అంచెలవారీ ఏర్పాటు చేసింది. సాదాబైనామాల పరిష్కారానికి దారి చూపింది. గ్రామ పాలన అధికారి పేరుతో గ్రామస్థాయి రెవెన్యూ ఉద్యోగి తిరిగి వచ్చాడు. ఈ ఏర్పాట్లు ఎంతమేరకు ఫలిస్తాయన్నది క్షేత్ర పరిశోధన తేల్చవలసిన విషయం. అవి తిరిగి తెచ్చినవి మాత్రం గమనార్హం: ఊళ్ళో ఒక మనిషి, దిద్దే అధికారం, పై అంచెకు విన్నవించుకునే దారి. అయిదేళ్ళ కిందట వేగం పేరిట తొలగించినవీ ఇవే.

4. ఒకే వేలిముద్ర, రెండు ఫలితాలు

సాంకేతికత ఒకటే అయినా ఫలితం వేరు కావచ్చుననడానికి భూమిని దాటి సంక్షేమ రంగంలోకి చూడాలి. ఉపాధి హామీ కూలీలకు, సామాజిక పింఛనుదారులకు చెల్లింపుల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులను ప్రవేశపెట్టింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ దీనిని 157 మండలాలలో, సుమారు కోటీ తొంభై లక్షల జనాభా పరిధిలో పరీక్షించి 2016లో ఫలితాలను ప్రచురించారు. కూలి అందుకోవడానికి పట్టే సమయం చెల్లింపుకు సగటున 22 నిమిషాలు తగ్గింది, డబ్బు ముందుగా చేతికి వచ్చింది, దారిమళ్ళింపు గణనీయంగా తగ్గింది. పథకం అందుబాటు మాత్రం తగ్గలేదు. లబ్ధిదారులలో అత్యధికులు పాత పద్ధతి కంటే దీనినే ఇష్టపడ్డారు.

డిజిటల్ పాలన మీద విమర్శ రాసేవారు దాటవేయకూడని ఫలితమిది. దీని వెనుక ఉన్న రెండు ఏర్పాట్లను, దీనిని ప్రశంసించేవారూ దాటవేయకూడదు. ఒకటి, చెల్లింపు జరిపే వ్యక్తి ఊరిలోనే ఉండే మహిళ, స్వయంసహాయక సంఘాల నుంచి వచ్చినవారికి ప్రాధాన్యం. అడగడానికి ఒక ముఖం ఉంది, ఆ ముఖానికి ఒక ఇల్లు ఉంది. రెండు, కార్డు లేనివారికి, వేలిముద్ర పడనివారికి చెల్లింపు ఆపలేదు. రెండేళ్ళ తరువాత కూడా చెల్లింపులలో సుమారు సగమే కార్డు ద్వారా జరిగాయి. పథక నిర్వాహకుల కొలమానం ప్రకారం ఇది అసంపూర్ణత. కూలీ వైపు నుంచి చూస్తే ఇదే రక్షణ.

అదే పరిశోధక బృందం ఝార్ఖండ్ రేషన్ దుకాణాలలో ఆధార్ ఆధారిత ధ్రువీకరణను పరీక్షించినప్పుడు చిత్రం మారింది. సగటు లబ్ధిదారుకు కొంత శ్రమ పెరిగింది, దారిమళ్ళింపు తగ్గలేదు. అంతకుముందు ఆధార్ అనుసంధానం చేసుకోని వారికి అందే సాయం 10 శాతం తగ్గింది. తరువాతి దశలో ధ్రువీకరణ లెక్కల ఆధారంగా డీలరుకు సరుకు కేటాయించినప్పుడు దారిమళ్ళింపు బాగా తగ్గింది, దానితోపాటు ప్రజలకు అందే సరుకూ తగ్గింది. రేషన్, కూలి ఒకే రకం సేవలు కావు, రెండు రాష్ట్రాల పాలనా సామర్థ్యమూ ఒకటి కాదు. కాబట్టి ఈ పోలికను పరిమితులతోనే స్వీకరించాలి. అయినా ఒక విషయం స్పష్టం. మొదటి చోట యంత్రం పౌరుడికి అదనపు దారి. రెండవ చోట అదొక్కటే ద్వారం. ద్వారం ఒక్కటే అయినప్పుడు యంత్రపు తప్పు పౌరుడి తప్పుగా మారుతుంది.

ఆంధ్రప్రదేశ్ అనుభవంలో మరొక పాఠముంది. 2006 నుంచి ఉపాధి హామీ పనులపై అక్కడ సామాజిక తనిఖీలు జరిగాయి. 2009లో వాటికోసం ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కంప్యూటర్‌లోని మస్టర్లను, చెల్లింపుల వివరాలను ఊరికి తెచ్చి, ఇంటింటికీ తిరిగి సరిపోల్చి, సభలో బిగ్గరగా చదివి వినిపించేవారు. తెర మీది అంకె మనిషి గొంతులోకి మారిన ఆ క్షణంలో, చదువురాని కూలీ కూడా ‘ఆ పనికి నేను పోలేదు’ అనగలిగింది. రికార్డును డిజిటల్ చేయడం, రికార్డును ప్రశ్నకు నిలబెట్టడం పరస్పర విరుద్ధాలు కావని ఈ ప్రయోగం నిరూపించింది.

5. పేరు, లిపి, క్రియ

దిద్దుబాటుకు భాష కావాలి. డిజిటల్ పాలన చర్చలలో భాషాసమస్యను ‘స్థానిక భాషలో ఇంటర్‌ఫేస్’ అనే ఒక్క మాటతో ముగిస్తారు. తెలుగు విషయంలో అది అంతటితో ముగియదు.

మొదటిది పేరు. తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది. చాలా దరఖాస్తు పత్రాలు మొదటి పేరు, చివరి పేరు అనే పాశ్చాత్య విభజనతో తయారయ్యాయి. ఒక రికార్డులో ఇంటిపేరు పూర్తిగా, మరొక దానిలో పొడి అక్షరంగా, ఇంకొక దానిలో చివరన చేరుతుంది. వివాహానంతరం ఇంటిపేరు మారిన స్త్రీలకు ఈ చిక్కు రెట్టింపు. లక్ష్మి, వెంకటేశ్వర్లు, ఎల్లయ్య వంటి పేర్లను రోమన్ లిపిలో రెండు మూడు విధాలుగా రాయవచ్చు. ఊళ్ళో అందరికీ ఒక్కరే అయిన మనిషి, రెండు సమాచార నిధులను యంత్రం సరిపోల్చినప్పుడు ఇద్దరవుతాడు. గ్రామాధికారికి ఇది సమస్యగా తోచదు. ‘ఇద్దరూ ఒక్కడే’ అని ఆయనకు తెలుసు. యంత్రానికి ఆ ఎరుక లేదు. ఆ ఎరుక ఉన్నవాడికి యంత్రంలో సంతకం లేదు.

రెండవది లిపి. యూనికోడ్ వచ్చి మూడు దశాబ్దాలు దాటినా, అంతకుముందటి ఫాంట్లలో తయారైన తెలుగు పాఠం పెద్ద మొత్తంలో మిగిలి ఉంది. అది కంటికి తెలుగు, యంత్రానికి అర్థంలేని గుర్తుల వరుస. మార్పిడిలో వత్తులు, గుణింతాలు చెదిరితే ఊరి పేరే మారిపోతుంది. తెలంగాణలో సేత్వార్ వంటి నిజాం కాలపు రికార్డులు ఉర్దూలో ఉన్నాయి. వాటిని చదవగలిగినవారు తగ్గిపోతున్నారు. మూలాన్ని చదవలేని తరం, మార్పిడిలో దొర్లిన తప్పును ఎలా పట్టుకుంటుంది?

మూడవది క్రియ. వ్యవహార తెలుగులో కర్మణి ప్రయోగం అరుదు. ‘తహసీల్దారు ఒప్పుకోలేదు’, ‘పట్వారీ రాయలేదు’ అంటాం. ఆ వాక్యాలలో కర్త ఉన్నాడు, కనుక అతడిని అడగవచ్చు, నిలదీయవచ్చు, పైవాడికి ఫిర్యాదు చేయవచ్చు. యంత్రం ఇచ్చే సమాధానం ‘తిరస్కరించబడింది’, ‘సరిపోలలేదు’ అనే రూపంలో ఉంటుంది. ఇంగ్లీషు నుంచి దిగుమతి అయిన ఈ వాక్యంలో కర్త లేడు. ఇది శైలికి సంబంధించిన చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని పాలనలో కర్తృలోపం బాధ్యతాలోపానికి తొలి మెట్టు. సర్వర్ లేదు, ఆన్‌లైన్‌లో రావడం లేదు, సిస్టమ్ తీసుకోవడం లేదు అన్న మాటలు ఈనాటి కార్యాలయ భాషలో స్థిరపడిపోయాయి. వాటిలో కర్తస్థానంలో ఉన్నది యంత్రం. దాని మీద అప్పీలు ఉండదు.

6. ఇది వర్ధమాన దేశాల జబ్బేనా?

ఈ సమస్యలను వెనుకబాటుతనానికి ముడిపెట్టడం సులభం. కాని బ్రిటన్‌లో పోస్టాఫీసుల ‘హొరైజన్’ వ్యవస్థ ఆ సౌలభ్యాన్ని చెదరగొడుతుంది. 1999 తరువాత ఆ సాఫ్ట్‌వేర్ చూపిన తప్పుడు లోటు లెక్కల కారణంగా 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లు దొంగతనం, మోసం, తప్పుడు లెక్కల నేరాలకు శిక్షలు పొందారు. కంప్యూటర్ సరిగానే పనిచేస్తోందన్న చట్టపరమైన భావన వారికి ప్రతికూలంగా పరిణమించింది. వారి శిక్షలను సామూహికంగా రద్దుచేసే చట్టం రావడానికి 2024 దాకా పట్టింది. విద్యుత్తు, ఇంటర్నెట్, అక్షరాస్యత, నిధులు ఏవీ అక్కడ కొరత కాదు. కొరవడినది యంత్రం చెప్పినదాన్ని కాదనగలిగే చోటు.

మరి వర్ధమాన దేశాల ప్రత్యేకత ఏమిటి? తప్పు స్వభావంలో తేడా తక్కువ. తప్పు పర్యవసానంలో తేడా ఎక్కువ. ఒక నెల రేషన్ ఆగితే పొయ్యి వెలగని ఇంటికి ఏళ్ళ తరబడి న్యాయపోరాటం అర్థంలేనిది. కెన్యాలో గరిస్సా ప్రాంతపు సోమాలీ పౌరులు కొందరు కరువుకాలంలో ఆహారం కోసం శరణార్థులుగా నమోదయ్యారు. వారి వేలిముద్రలు శరణార్థుల సమాచార నిధిలో ఉన్నందువల్ల తరువాత జాతీయ గుర్తింపు కార్డు పొందడానికి ఏళ్ళపాటు పోరాడవలసి వచ్చింది. ఆకలి నాటి నమోదు పౌరసత్వానికి అడ్డు నిలిచింది. పేదరికంలో మనుషులు బతకడానికి చేసే సర్దుబాట్లను యంత్రం నేరంగానో అబద్ధంగానో చదువుతుంది. సాదాబైనామా అటువంటి సర్దుబాటే. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేక, ఊరి నమ్మకం మీద కాగితం రాసుకున్న రైతు చట్టాన్ని మోసగించలేదు. చట్టం అతడికి అందనంత దూరంలో ఉంది.

7. ఒక ప్రతివాదం

ఈ వాదన పాత వ్యవస్థ మీద మమకారమని ఎవరైనా అనవచ్చు. ఆ ఆక్షేపణ తేలికైనది కాదు. తెలంగాణలో పట్వారీ కలం ఎన్ని కుటుంబాల భూమిని మింగిందో చరిత్రకు తెలుసు. రైతాంగ సాయుధ పోరాటానికి దారితీసిన ఆగ్రహంలో దేశ్‌ముఖుల దౌర్జన్యంతోపాటు గ్రామాధికారుల రికార్డుల పెత్తనమూ ఉంది. కరణాలు, పటేల్-పట్వారీల వ్యవస్థను 1980లలో రద్దుచేసినప్పుడు వెనుకబడిన వర్గాలు హర్షించడానికి కారణముంది. దిద్దే అధికారమే దోచే అధికారం కూడా. దానిని ఊరికి తిరిగి ఇవ్వమనడం పాత దొరతనాన్ని ఆహ్వానించడం కాదా?

కాదని చెప్పడానికి పై ఉదాహరణలే ఆధారం. పట్వారీ వ్యవస్థ దోషం రికార్డును దిద్దగలగడం కాదు. ఎవరికీ కనిపించకుండా దిద్దగలగడం. డిజిటల్ సాంకేతికతకు అసలైన సామర్థ్యం ఉన్నది ఇక్కడే. ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో, ఏ అంకెను మార్చారో శాశ్వతంగా నమోదు చేయడం, ఆ నమోదును ఊరందరికీ తెరచి చూపడం కంప్యూటర్‌కు సులభసాధ్యం. మైకేల్ లిప్‌స్కీ 1980లో వీధిస్థాయి ఉద్యోగుల విచక్షణను విశ్లేషించాడు. 2002లో బోవెన్స్, జూరిడిస్ ఆ విచక్షణ వ్యవస్థ రూపకర్తల చేతికి మారుతోందని చూపారు. అంటే విచక్షణ ఎక్కడికీ పోదు, చేతులు మారుతుంది. పట్వారీ విచక్షణకు కనీసం ఒక ఊరు సాక్షి. ఏ గడి ఉండాలో, ఏ గడి పోవాలో నిర్ణయించినవారి విచక్షణకు సాక్షి ఎవరు?

8. ముగింపు

డిజిటల్ పాలనను ఇప్పటిదాకా సేవ ఎంత వేగంగా అందింది, ఎన్ని లావాదేవీలు జరిగాయి అన్న కొలమానాలతోనే అంచనా వేస్తున్నాం. ఈ కొలమానాలు రికార్డు సరిగా ఉన్న పౌరుడి అనుభవాన్ని మాత్రమే లెక్కిస్తాయి. రికార్డు తప్పుగా ఉన్న పౌరుడు అత్యధికంగా పేదవాడు, కౌలుదారు, స్త్రీ, నిరక్షరాస్యుడు. అతడి అనుభవం నుంచి కొలమానాన్ని నిర్మిస్తే ఈ కింది అంశాలు తేలుతాయి.

1. ఒక తప్పును దిద్దించుకోవడానికి పౌరుడికి పట్టే రోజులు, ఖర్చు, తిరగవలసిన కార్యాలయాల సంఖ్య అన్నవే డిజిటల్ వ్యవస్థకు ప్రధాన పరీక్ష కావాలి. అరగంటలో రిజిస్ట్రేషన్, అయిదేళ్ళలో సవరణ అన్న వ్యవస్థను వేగవంతమైనదనలేం.

2. యంత్రం కాదన్నప్పుడు మరొక దారి ఉండాలి. స్మార్ట్‌కార్డుల అనుభవం ప్రకారం ఆ దారి అవినీతిని పెంచలేదు, అందుబాటును కాపాడింది.

3. రికార్డులో ఒక గడిని తొలగించడం సాంకేతిక విషయం కాదు, హక్కుల విషయం. అటువంటి మార్పు శాసనసభలో, గ్రామసభలో చర్చకు రావాలి.

4. పూర్వపు నమోదు, సవరణ చరిత్ర, సవరించిన అధికారి వివరం తెర మీద కనిపించాలి. తిరస్కరణ వాక్యంలో కర్త ఉండాలి: ఎవరు తిరస్కరించారో, ఎందుకో, ఎవరికి విన్నవించుకోవాలో అచ్చ తెలుగులో చెప్పాలి.

5. రెవెన్యూ పదజాలం, పేర్ల లిప్యంతరీకరణ, పాత ఫాంట్ల మార్పిడి, ఉర్దూ రికార్డుల పఠనం అన్నవి తెలుగు భాషాసాహిత్య శాఖలు చేపట్టదగిన పరిశోధనాంశాలు. ఈ రంగాన్ని ఇంజనీర్లకు, నిర్వహణ శాస్త్రజ్ఞులకు వదిలివేయడం వల్ల కలిగిన నష్టాన్ని రైతు భరిస్తున్నాడు.

పూర్వం ఏటా గ్రామ లెక్కలను జమాబందీలో సరిచూసేవారు. లెక్క తప్పుతుందని, తప్పిన లెక్కను ఏడాదికొకసారైనా ఎవరో ఒకరు కూర్చుని చూడాలని ఆ పద్ధతి ముందే ఒప్పుకుంది. ఆచరణలో అది ఎంత లోపభూయిష్ఠమైనా, ఆ ఒప్పుకోలు విలువైనది. లెక్క తప్పదన్న నమ్మకంతో కట్టిన వ్యవస్థలో, తప్పు జరిగిన ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవలసినవాడు పౌరుడే అవుతాడు.